ఇద్దరన్నదమ్ములకు ఒక్క బాక్సు

ఏడో తరగతిలో భాగహారం దగ్గర నేను బడి మానేశాను. పదిహేడు రొట్టెలు ఐదుగురికి పంచితే రెండు మిగులుతాయని సారు బోర్డు మీద రాశారు. ఆ రెండూ ఎవరు తిన్నారని అడిగాను. సారు కొట్టారు. మర్నాటి నుంచి నేను వెళ్లలేదు, ఆయనా రమ్మనలేదు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు నేను చేసిన ఉద్యోగమేమిటంటే ఒక ఇంటికొచ్చిన దాన్ని రెండు గదులకూ మూడు గదులకూ పంచడం. భాగాలు రానివాణ్ని వెతికి పట్టుకుని భాగాల పని చేయించిన దేశం మనది.

ఎవరి ఫోను వాళ్ల అరచేతిలో పెట్టుకుని ఎవరి బొమ్మ వాళ్లు చూసుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా పని ఏమిటో కొంచెం చెప్పాలి. ఇంటికి ఒక్కటే కేబుల్ వైరు వచ్చేది. టీవీలు మాత్రం రెండు మూడు ఉండేవి. పెళ్లికి వచ్చిందొకటి, కొన్నదొకటి, బొమ్మ సరిగా రాకపోయినా పారేయబుద్ధి కానిదొకటి. ఆ ఒక్క వైరును పంచడానికి స్ప్లిటర్ అని అగ్గిపెట్టెంత ఇనుప డబ్బా ఉంటుంది. ఒకవైపు ఒక మూతి, ఇంకోవైపు రెండు మూతులు. దానికి కరెంటు అక్కర్లేదు. అందులో కదిలేది లేదు, తిరిగేది లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. వచ్చిన సిగ్నల్‌ను రెండుగా చీల్చడమొక్కటే తెలుసు దానికి. చీల్చినప్పుడు రెండువైపులా బలం కొంచెం తగ్గుతుంది. ఇంతే సైన్సు. నాకు తెలిసిందీ ఇంతే.

ఇది కూడా జనగామలో మా చాచా నేర్పితే వచ్చింది. ఆయన నా గురువు. స్తంభం ఎక్కితే పక్షిలా కూర్చునేవాడు, దిగితే చాయ్ కోసం మాత్రమే దిగేవాడు. తర్వాత కొన్నేళ్లు భూపాలపల్లి వైపు పని చేశాను. చెల్పూర్ కరెంటు ప్లాంటుకు షిఫ్టులకు పోయే వాళ్ల ఇళ్లలో నాన్న నిద్రపోయే గదికీ పిల్లలు సినిమా చూసే గదికీ మధ్య వైర్లు లాగీ లాగీ చేయి తిరిగింది. ఆఖరికి మహబూబాబాద్‌లో కుదురుకున్నాను. నేను చెప్పబోయేది అక్కడి సంగతి, టీవీ పక్కన పెట్టే సెట్‌టాప్ బాక్సులు వచ్చిన కొత్తలోది.

బాక్సు రాకముందు స్ప్లిటర్ పెడితే చాలు, ఏ టీవీలో ఏ ఛానల్ కావాలంటే అది చూడొచ్చు. బాక్సు వచ్చాక కథ మారింది. బాక్సు ఒక్కసారికి ఒక్క ఛానలే ఇస్తుంది. ఒక టీవీకి ఒక బాక్సు పెట్టుకోవాలని పైనుంచి వచ్చిన మాట. జనం ఆ మాటను శ్రద్ధగా విని, ఒక్క బాక్సును అన్ని టీవీలకూ ఎట్లా పెట్టాలో చెప్పమని మమ్మల్ని అడిగారు. మేమూ దారి కనిపెట్టాం. మా కంట్రోల్ రూములో పాత మాడ్యులేటర్లు మూలన పడి ఉండేవి. బాక్సు వెనకనుంచి వచ్చే బొమ్మనూ మాటనూ ఒక మాడ్యులేటర్‌కు ఎక్కిస్తే అది మళ్లీ మామూలు కేబుల్ సిగ్నల్‌గా మార్చి ఇస్తుంది. అక్కడినుంచి స్ప్లిటర్, అక్కడినుంచి ఎన్ని టీవీలైనా. ఒకటే చిక్కు. అన్ని టీవీల్లోనూ ఒకటే ఛానల్. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ఇల్లంతా వాళ్లు చూసిందే చూడాలి.

ఆ ఇల్లు స్టేషన్ వెనక వీధిలో ఉండేది. ఇద్దరన్నదమ్ములు. మరిపెడ దగ్గర మిరప తోట. తండ్రి పోయాక ఇంటిని నిలువునా రెండు చేసుకున్నారు, లోపల గోడ కట్టారు, వాకిలి మాత్రం ఇంకా ఒకటే. తోటలో బోరు మోటారు వంతు దగ్గర మాటా మాటా వచ్చి అప్పటికి రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చెప్పుకోవాల్సిన అవసరం పడితే అన్న తన కుక్కతో చెప్పేవాడు. "కొందరు బండి తీసుకొచ్చి నడి తొవ్వల పెడుతరు, బుద్ధి లేదు" అనేవాడు. కుక్క వినేది. తమ్ముడు బండి జరిపేవాడు.

వాళ్ల తల్లిని అందరిలాగే నేనూ అవ్వా అని పిలిచేవాణ్ని. నెలకొకరి వంతున ఆమె ఇద్దరి దగ్గరా ఉండేది. కేబుల్ కనెక్షన్ చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది. చెరో బాక్సు అంటగట్టి రమ్మని మా ఓనరు నన్ను పంపాడు. అన్న దగ్గరికి పోతే, "నేనెందుకు తీసుకోవాలె? బాపు కనెక్షన్ల నాకు సగం లేదా?" అన్నాడు. తమ్ముడి దగ్గరికి పోతే అచ్చంగా అదే మాట అన్నాడు. కొత్తది తీసుకున్నవాడు బాపు కనెక్షన్ మీద హక్కు వదులుకున్నట్టే అని ఇద్దరికీ ఒకేసారి తోచింది. మాటల్లేకున్నా ఆలోచన మాత్రం వాళ్లిద్దరికీ ఒకే ట్యాంకు నుంచి వచ్చేది.

పెద్దమనుషులు కూర్చున్నారు. పొలం పంచినట్టే సిగ్నల్ పంచారు. బాక్సు అవ్వతోపాటు నెలకొక ఇంట్లో ఉండాలి. రెండో ఇంటికి స్ప్లిటర్ మీద బొమ్మ పోవాలి. ప్రతి నెలా ఒకటో తారీకున వచ్చి బాక్సు మార్చే పని నాది. ఇట్లాంటి తీర్పు విన్న కేబుల్ మనిషి ఈ మూడు జిల్లాల్లో నేనొక్కణ్నే అనుకుంటాను.

బిగించిన రెండో రోజే తమ్ముడు నన్ను ఆపాడు. గోడవతలి టీవీలో బొమ్మ తెల్లగా కొడుతోందట, తన దాంట్లో మబ్బుగా ఉందట. తమ్ముడి టీవీ పాతది, దానికి వయసు వచ్చింది. ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు. నా వైరు కొలిచాడు. తనవైపు పది గజాలు ఎక్కువ పోయింది కాబట్టి సిగ్నల్ తోవలో తగ్గిందన్నాడు. పోయి అన్నకు చెప్పాను. పది గజాలకు కంటికి ఆనేంత తేడా రాదని కూడా చెప్పాను. అన్న కాసేపు ఆలోచించి, తనకూ పది గజాలు ఎక్కువ వేయమన్నాడు. ఎక్కువ వేస్తే తన బొమ్మే తగ్గుతుందన్నాను. "తగ్గని. రేపు ఒకనితోని మాటనిపించుకోను" అన్నాడు. పది గజాల వైరు చుట్టచుట్టి ఆయన టీవీ వెనక మేకుకు వేలాడదీశాను. తమ్ముడు వచ్చి గుమ్మంలోంచి ఆ చుట్టను చూసి పోయాడు. ఆ రోజు నుంచి తన టీవీలో బొమ్మ మంచిగా వస్తోందన్నాడు.

నెల తిరిగింది. ఒకటో తారీకు. అవ్వ ఇల్లు మారే పద్ధతి ఇట్లా ఉండేది. ఒకడు మంచం ఎత్తుకొచ్చి వాకిలి నడుమ దించి, తల్లిని కూర్చోబెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి పోతాడు. వాడు పోయాడని తేలాక రెండోవాడు బయటికి వచ్చి మంచం తీసుకుపోతాడు. ఈ నడుమ ఐదు నిమిషాలు అవ్వ వాకిట్లో మంచం మీద ఒక్కతే ఉండేది, ఒళ్లో బాక్సు పెట్టుకుని. పక్కన నేను.

"బిడ్డా, గీ డబ్బ ఎవలింట్ల ఉంటె వాళ్లదేనా పెత్తనం?" అని అడిగింది.

"డబ్బది కాదవ్వా. రిమోట్ ఎవల చేతుల ఉంటె వాళ్లది."

"గట్లయితె నాకొకటియ్యి."

ఎందుకన్నాను. చెవులు మందమవుతున్నాయని చెప్పింది. దవాఖానలో చూపిస్తే ఇంకో ఏడాది, ఆపైన కష్టమన్నారట. "అవి మూసుకపోకముందుగాల వీళ్లిద్దరు ఒక్క మాట అనుకుంటె వినాలని ఉన్నది" అంది.

"దానికి రిమోట్ ఎందుకవ్వా?"

"అప్పటిదాంక పొద్దు పోవద్దా?"

నా సంచిలో చెడిపోయిన బాక్సుల రిమోట్లు ఎప్పుడూ రెండు మూడు ఉండేవి. ఒకటి తీసి ఇచ్చాను. ఛానల్ ముందుకూ వెనక్కూ పోయే రెండు బటన్లు చూపించాను. ముసలమ్మ, మందమైన చెవులు, ఈమెకు ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. నా మంచితనానికి నేనే మురిసి, తోవలో ఒక చాయ్ కూడా తాగాను.

వారంలోపే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆ నెల బాక్సు అన్న ఇంట్లో ఉంది. ఆయన మిరప ధరలు చూస్తుంటే బాక్సు దానంతటదే దూకి భజనలు పెడుతోందట. తమ్ముడి ఫిర్యాదు వేరు. ఆట ఆఖరి ఓవర్లో ఉండగా అన్న కావాలని ఛానల్ మారుస్తున్నాడట. అన్న దృష్టిలో తమ్ముడు నాకు ఏదో ముట్టజెప్పి గోడవతల ఏదో పెట్టించుకున్నాడు.

నేను పోయాను. వైరు కొసలకు బిగించే మూతులన్నీ మార్చాను. అడాప్టర్ మార్చాను. మాడ్యులేటర్ మార్చాను. ఆఖరికి బాక్సే మార్చాను. కొత్తదీ పాతదీ ఒకే రకం, ఒకే రిమోట్ రెంటికీ పని చేస్తుంది. ట్యూబ్‌లైటు వెలుగు రిమోట్ కన్నును తికమక పెడుతుందని ఎవరో అంటే దాన్నీ పీకించాను. అన్న ఇంటివాళ్లు వారం పాటు గుడ్డి బల్బు కింద అన్నం తిన్నారు. ఛానల్ మారుతూనే ఉంది. ఇది చదువుతున్న మీకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నాకు కాలేదు. అనుభవం ఉన్నవాడు వైర్లను అనుమానిస్తాడు, మనుషులను కాదు.

ఇంతలో తమ్ముడు ఇటుకలు తెప్పించాడు. వాకిలి నడుమనుంచి వీధిదాకా గోడ పెడతాడట. మేస్త్రీ సోమవారం వస్తాడన్నారు. గోడ లేస్తే అవ్వ మంచం వీధిలోంచి తిప్పుకుని తీసుకుపోవాలి. ఇద్దరూ ఒక్క మాట అనుకోవడం వినాలని కోరుకున్న మనిషి ముందు, నేను బిగించిన బాక్సువల్ల, ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండా గోడ లేస్తోంది. ఓనరు నన్ను పిలిచి, ఆదివారంలోపు ఆ ఇంటి సంగతి తేల్చకపోతే సంచి అప్పజెప్పి పొమ్మన్నాడు. సంచి సంగతి నాకు పెద్దగా పట్టలేదు. ఆ ఇటుకల మీద కూర్చుని అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే మాత్రం అటు చూడలేకపోయాను.

జనగామకు ఫోన్ చేసి చాచాను పిలిచాను. ఆయన అప్పటికే పని మానేసి ఇంట్లో ఉన్నాడు. ఆదివారం పొద్దున రైలు దిగి, నేను చెప్పిందంతా విని, "స్ప్లిటర్ నుంచి చూద్దాం పద బేటా" అన్నాడు.

స్ప్లిటర్ రెండు గుమ్మాల నడుమ, చూరు కింద బిగించి ఉంది. నిచ్చెన వేసుకుని నేనెక్కాను. కింద చాచా నిచ్చెన పట్టుకున్నాడు. అవ్వ మంచం అన్న గుమ్మం ముందు, తలుపులోంచి టీవీ, దాని పక్కన బాక్సు కనిపించేటట్టు వేసి ఉంది. అన్న తన గుమ్మంలో, తమ్ముడు తన గుమ్మంలో. రెండు ఇళ్లలోంచీ ఒకటే పాట, ఒకే ఊపులో వస్తోంది.

నేను వెళ్లినప్పుడల్లా పద్ధతి ఒకటే. అన్న నాకు చెబుతాడు, నేను తమ్ముడికి చెబుతాను. తమ్ముడు నాకు చెబుతాడు, నేను అన్నకు చెబుతాను. ఇద్దరూ పది అడుగుల దూరంలో ఉంటారు, ఇద్దరికీ అన్నీ వినిపిస్తాయి, అయినా మాట నా మీదుగానే పోవాలి. ఆ రోజు కూడా అన్న అందుకున్నాడు. "అడుగు వాన్ని. నిన్న పొద్దుమూకి భజనలు పెట్టింది ఎవడో అడుగు."

అడగాలంటే నాకు నోరు ఖాళీ లేదు. వైరు చెక్కే కత్తీ, రెండు మూతులూ పళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాను. మా పనిలో అందరూ చేసేది ఇదే. స్తంభం మీద మూడో చేయి నోరే. ఊ అన్నాను, ఆ అన్నాను. అది తమ్ముడికి ఏమీ చెప్పినట్టు కాలేదు.

అన్న మళ్లీ అడగమన్నాడు. నేను మళ్లీ ఊ అన్నాను. తమ్ముడు ఒకసారి నావైపు చూశాడు, నా నోటివైపు చూశాడు, ఇంక ఆగలేకపోయాడు.

"నేనెందుకు పెడుత? రిమోట్ నీ దగ్గర పెట్టుకొని నన్నంటవేంది?"

రెండేళ్లలో అదే మొదటి మాట. అన్న కుక్కవైపు చూశాడు. కుక్క లేచి పోయింది. ఇక గత్యంతరం లేక తమ్ముడికే చెప్పాడు. "నేను పెట్టలే. నువ్వు గీ కేబులాయినతోని ఏదో పెట్టించినవ్."

ఇక నేను నోట్లోంచి కత్తి తీయలేదు. తీస్తే మళ్లీ మాట నా మీదుగా పోతుంది. చాచా కిందనుంచి దిగమన్నట్టు నిచ్చెన కదిపాడు. కాలితో వద్దన్నాను.

లొల్లి టీవీ నుంచి బోరు మోటారుకు పోయింది. మోటారు నుంచి వాల్వు తిప్పిందెవరన్న దానికి పోయింది. అక్కడినుంచి ఎక్కడికో పోయింది. తమ్ముడి గొంతు తగ్గింది.

"బాపు పానం పోయేటప్పుడు నన్ను పిలువలే నువ్వు."

"పిలిచిన. మూడుసార్లు చేసిన. నీ ఫోన్ బంద్ ఉండె."

"తోట కాడ చార్జింగ్ లేకుండె."

"నాకేమెరుక? నువ్వే ఎత్తుతలేవనుకున్న."

నాకు అప్పుడు తెలిసింది, మోటారు వంతు గొడవ అని మేమంతా అనుకున్నది మోటారు గురించి కాదని. లోపల రెండు టీవీల్లోనూ ఎవరో ఒకే సబ్బు గురించి ఒకేసారి చెబుతున్నారు. మాటలు ఆగిపోయాయి. మళ్లీ ఎవరి గుమ్మంలోకి వాళ్లు పోతారేమో అనిపించింది. అన్న ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా.

అప్పుడు సబ్బు పోయి భజన వచ్చింది. రెండు ఇళ్లలోనూ.

నిచ్చెన మీదనుంచి అన్నీ కనిపిస్తాయి. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ చేతిలో చిక్కుడుకాయ. కుడి చేయి కొంగు కింద ఉంది. కొంగు కింద బొటనవేలు కదిలింది. భజన పోయి వంటలు వచ్చాయి. పల్చటి నూలు చీరలోంచి రిమోట్ పని చేస్తుందని నాకు ఏ గురువూ చెప్పలేదు.

ఆమె తలెత్తి నన్ను చూసింది. చూసి, మళ్లీ చిక్కుడుకాయ ఒలుచుకుంది.

"ఇగో, మల్ల మారింది" అన్నాడు అన్న. రెండు చేతులూ చూపించాడు. "నేను ఈడనే ఉన్న. నా చేతుల ఏమున్నది?"

"నా చేతుల మాత్రం ఏమున్నది?" అని తమ్ముడూ చూపించాడు. తర్వాత ఇద్దరూ తలలెత్తి నావైపు చూశారు. మూడు వారాలుగా ఛానల్ ఎందుకు మారుతోందో చెప్పమన్నారు.

నిజం చెబితే నా ఉద్యోగం నిలుస్తుంది. రెండిళ్లవాళ్లూ ఆ సాయంత్రం అవ్వను నిలదీస్తారు, రిమోట్ గుంజుకుంటారు, సోమవారం మేస్త్రీ వస్తాడు. నోట్లోంచి కత్తి తీశాను. మూతులు తీశాను. జేబులో పెట్టుకున్నాను. అంతసేపటికి ఒక మాట దొరికింది.

"స్ప్లిటర్ ఖరాబైంది."

స్ప్లిటర్ ఛానల్ మారుస్తుందని చెప్పడమంటే గడప లేచి నడిచి పోయిందని చెప్పడం. ఆ మాటకు కింద నిచ్చెన వణికింది. చాచా నావైపు చూశాడు. ఆయన చూపు నా మీదనుంచి మెల్లగా దిగి, మంచం దగ్గర ఆగి, కొంగు దగ్గర ఇంకొంచెం ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"హా. ఖరాబైంది" అన్నాడు. "పాతగైతె గిట్లనే చేస్తది. జర డేంజర్ మాల్ ఇది."

జనగామలో పుట్టి తెల్లగడ్డం వచ్చిన మనిషి మాట. ఇద్దరూ నమ్మారు. "మరి గిన్ని దినాలు నన్ను తిట్టినవా?" అన్నాడు తమ్ముడు. "నువ్వు తిట్టలేదా?" అన్నాడు అన్న. అక్కడినుంచి మళ్లీ మొదలైంది. మేం స్ప్లిటర్ మార్చి, నిచ్చెన ముడిచి, సామాను సర్దుకుని, వీధి మలుపు తిరిగేదాకా వినిపిస్తూనే ఉంది. స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాం. ఇన్నేళ్ల పనిలో ఒక్క స్ప్లిటర్ మీద కూడా తాను నింద వేయలేదని, ఈ రోజు ఆ పాపం శిష్యుడికోసం మూటగట్టుకున్నానని చాచా అన్నాడు. పీకిన ఆ మంచి స్ప్లిటర్‌ను సంచిలోంచి తీసి, కొంగలా మెడ వంచి చూసి, ఇంటికి పట్టుకుపోయాడు.

మేస్త్రీ సోమవారం వచ్చాడు. ఆ ఇటుకలతో వాకిట్లో అవ్వకు స్నానాల గది కట్టాడు. తలుపు ఎటువైపు పెట్టాలన్న దాని మీద అన్నదమ్ములు నాలుగు రోజులు కొట్లాడుకున్నారట, మేస్త్రీ కూలి దండగయింది. ఫిర్యాదులు ఆగాయి, ఓనరు నా సంచి నాకే ఉంచాడు. రెండో బాక్సు ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు కొత్తది నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని వాదన.

ఒకటో తారీకున నేను బాక్సు మార్చడానికి పోయాను. ఈసారి వాకిట్లో ఐదు నిమిషాల ఆగడం లేదు. మంచం మీద అవ్వ అట్లాగే కూర్చుని ఉంది, తలవైపు అన్న, కాళ్లవైపు తమ్ముడు. జర పైకెత్తు అని ఒకడు, నువ్వే కిందికి ఒంచుతున్నవ్ అని ఒకడు, గుమ్మం తగులుతది కనపడతలేదా అని ఒకడు. దించేదాకా నోరు మూయలేదు. దించాక కూడా ఎవరు సరిగా పట్టలేదన్న దాని మీద వాకిట్లోకి పోయి కొట్లాడుకున్నారు.

బాక్సు బిగిస్తూ అవ్వను ఎగతాళి చేయబోయాను. నెల రోజులు నన్ను నిచ్చెన ఎక్కించి దించావు, నా గురువు చేత అబద్ధమాడించావు, తీరా చూస్తే వీళ్లు మాట్లాడుకునేది ఇదీ, పొద్దంతా కొట్లాటే గదా, ఏం సంబురం అని చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"అరువకు, ఇనవడుతున్నది" అంది. కొంగు సర్దుకుంది. "కొట్లాడుకోని బిడ్డా. రేపు నన్ను మోసుకపోయేటోళ్లు గీళ్లే గదా. తొవ్వల మాట్లాడుకోనోళ్లు మోస్తె నన్ను యాడ వడేస్తురో."